డిస్కు పాఠం, పాఠభేదం: ప్రాంతసంకేతాలు, టెలివిజన్ చిత్రప్రమాణాలు – చలనచిత్ర పరిశోధన

వ్యాససంగ్రహం:
ఇంట్లో చూసుకొనే చలనచిత్రపు డిస్కు ఒక దేశంలో నడిచి మరొక దేశంలో నడవకపోవడానికి రెండు వేర్వేరు కారణాలున్నాయి. ఒకటి విపణి అవసరం కోసం కావాలని పెట్టిన ప్రాంతసంకేతం. మరొకటి టెలివిజన్ ప్రసారచరిత్ర నుండి సంక్రమించిన చిత్రప్రమాణం. ప్రాంతసంకేతం పాఠాన్ని అందకుండా చేస్తుంది. చిత్రప్రమాణం అందిన పాఠాన్నే మారుస్తుంది. ఈ భేదాన్ని వివరించి, డిస్కును ఆధారంగా చూపే పరిశోధకులు కాలసూచికలను ఏ విధంగా పోల్చుకోవాలో, ఏ వివరాలను నమోదు చేయాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: డి.వి.డి., ప్రాంతసంకేతం, పాల్, ఎన్.టి.ఎస్.సి., కాలసూచిక, పాఠభేదం, గ్రంథపాతం.

1. ఉపోద్ఘాతం:

2009 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా, తనను కలవడానికి వచ్చిన బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్‌కు 25 అమెరికన్ చలనచిత్రాల డి.వి.డి.లను కానుకగా ఇచ్చారు. అవి బ్రిటన్‌లోని ప్లేయరులో నడవలేదని అప్పట్లో అక్కడి పత్రికలు రాశాయి. దేశాధినేతల స్థాయిలో జరిగింది కాబట్టి అది వార్త అయింది. విదేశాల నుండి బంధువులు తెచ్చిన డిస్కును ప్లేయరులో పెట్టి, తెరపై హెచ్చరిక తప్ప మరేమీ చూడలేకపోయిన వారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు.

నా పరిశోధనకాలంలో ఈ సమస్య మరొక రూపంలో ఎదురయింది. 1970ల నాటి ఒక తెలుగు చిత్రంలోని సంభాషణలను, జానపద బాణీలో సాగిన ఒక పాటను సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయంగా విశ్లేషించాను. ప్రతి ఉదాహరణకూ అది చిత్రంలో ఎక్కడ వస్తుందో గంటలు, నిమిషాలు, సెకన్లలో సూచించాను. మౌఖిక పరీక్షలో పరీక్షకులు గ్రంథం పక్కన పెట్టి, “మీరిచ్చిన ఒక్క కాలసూచిక దగ్గరా మీరు చెప్పిన సంభాషణ లేదు. ఆ పాట అయితే చిత్రంలోనే లేదు” అన్నారు. ఆయన చూసిన ప్రతి మా పర్యవేక్షకుల దగ్గరిది, రెండు వి.సి.డి.ల సంపుటి. నేను చూసినది అమెరికాలో ఉన్న మా అన్నయ్య అక్కడి భారతీయ దుకాణంలో కొని పంపిన డి.వి.డి. ఇద్దరం ఒకే చిత్రం చూశామనే అనుకున్నాం. సవరణలకు నాకు మూడు నెలల గడువు ఇచ్చారు.

తాళపత్రాల విషయంలో మనం ఇటువంటి పొరపాటు చేయం. ఏ ప్రతి, ఎక్కడిది, ఎన్ని పత్రాలు లుప్తమైనవి అని అడగకుండా పాఠనిర్ణయానికి పూనుకోం. ఆంధ్రమహాభారతానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలువరించిన సంశోధిత ముద్రణ వంటివి చూసి పెరిగిన శాఖ మనది. అయినా సినిమా దగ్గరకు వచ్చేసరికి చేతికందిన డిస్కునే మూలంగా స్వీకరిస్తున్నాం.

2. ప్రాంతసంకేతం – కావాలని కట్టిన గోడ:

డి.వి.డి. 1996 నవంబరులో జపాన్‌లోను, 1997లో అమెరికాలోను విపణిలోకి వచ్చింది. ఆ కాలంలో హాలీవుడ్ చిత్రం ముందు అమెరికాలో విడుదలై, ఇతర దేశాల థియేటర్లకు నెలల తరువాత చేరేది. ఈలోగా అమెరికాలో డిస్కు వచ్చేస్తే, దానిని తెప్పించుకొని ఇంట్లోనే చూసేవారి వల్ల ఇతర దేశాలలో టిక్కెట్ల అమ్మకం దెబ్బతింటుందని నిర్మాణసంస్థల భయం. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క ధర పెట్టుకొనే వెసులుబాటు, ఒక్కొక్క దేశపు హక్కులను ఒక్కొక్కరికి అమ్ముకొనే సౌకర్యం కూడా వాటికి కావాలి. ఈ అవసరాల కోసం ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచారు.

అమెరికా, కెనడా 1వ ప్రాంతం. పశ్చిమ ఐరోపా, జపాన్, మధ్యప్రాచ్యం, దక్షిణాఫ్రికా 2వ ప్రాంతం. ఆగ్నేయాసియా, దక్షిణ కొరియా, తైవాన్, హాంకాంగ్ 3. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, లాటిన్ అమెరికా 4. భారతదేశం, పాకిస్తాన్, రష్యా, ఆఫ్రికాలో అత్యధిక భాగం 5. చైనా 6. ఏడవ సంఖ్యను ప్రత్యేకంగా ఉంచుకొన్నారు. ఎనిమిదవది విమానాలకు, ఓడలకు. ఈ విభజనలో భాష లేదు, భూగోళం కూడా అంతంతమాత్రమే. జపాన్‌ను ఇంగ్లండుతో, మెక్సికోను ఆస్ట్రేలియాతో కలిపినది విపణి లెక్క మాత్రమే.

దీని పనితీరు చాలా సరళం. డిస్కులో ఎనిమిది ప్రాంతాలకు ఎనిమిది బిట్లు ఉంటాయి. ఏ ప్రాంతాన్ని నిషేధించారో ఆ బిట్టు దానిని తెలుపుతుంది. ప్లేయరు తన లోపల ఉన్న ప్రాంతసంఖ్యతో దానిని సరిచూసుకొని, అనుమతి ఉంటే నడుస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. చిత్రంలోగాని ధ్వనిలోగాని ఈ సంకేతం ఏ మార్పూ చేయదు. ఏ ప్రాంతాన్నీ నిషేధించని డిస్కును వ్యవహారంలో ‘0 ప్రాంతం’ అంటున్నారు గాని, అధికారికంగా అటువంటి ప్రాంతమేదీ లేదు. మరి ఇంత సులభమైన తనిఖీని ప్లేయరు తయారీదారులు ఎందుకు పాటించారు? డిస్కులోని సమాచారాన్ని సి.ఎస్.ఎస్. అనే గూఢలిపి పద్ధతిలో భద్రపరుస్తారు. దానిని విప్పే తాళంచెవులు కావాలంటే తయారీదారు లైసెన్సు తీసుకోవాలి. ప్రాంతసంకేతాన్ని పాటించడం ఆ లైసెన్సులో ఒక షరతు. గూఢలిపి, ప్రాంతసంకేతం రెండూ ఒకటేనని చాలామంది భావిస్తారు. వాటిని ముడివేసినది లైసెన్సు ఒప్పందమే.

కంప్యూటరు డ్రైవులలో ఈ నియంత్రణ మరింత బిగుసుకొన్నది. 2000 నుండి వచ్చిన డ్రైవులలో వినియోగదారు ప్రాంతసంఖ్యను ఐదుసార్లు మాత్రమే మార్చుకోగలడు. ఆ తరువాత చివరగా పెట్టిన సంఖ్య దగ్గరే అది నిలిచిపోతుంది. మా విభాగంలోని కంప్యూటరులో నాకంటే ముందటి పరిశోధకులు ఆ ఐదు అవకాశాలనూ వాడేశారు. ఎవరు ఏ చిత్రం కోసం వాడారో ఎవరికీ గుర్తులేదు. ఫ్రాన్సు నుండి తెప్పించిన ఒక డిస్కు ఆ తరువాత కేవలం అలమారుకు అలంకారంగా మిగిలింది.

బ్లూరే వచ్చేసరికి ప్రాంతాలు ఎ, బి, సి అని మూడుకు తగ్గాయి. భారత్, చైనా, రష్యాలు సి. 2016లో వచ్చిన 4కె అల్ట్రా హెచ్.డి. బ్లూరేలో ప్రాంతసంకేతమే లేదు. అన్ని దేశాలలోను ఒకేరోజు చిత్రాలు విడుదలవుతున్న కాలంలో ఆ గోడకు పెద్దగా పని మిగలలేదు.

3. చిత్రప్రమాణం – వారసత్వంగా వచ్చిన తేడా:

ప్రాంతసంకేతాన్ని ఎవరో కూర్చొని నిర్ణయించారు. చిత్రప్రమాణాల తేడా అటువంటిది కాదు. దాని మూలం ఇంటి కరెంటులో ఉన్నది. తొలినాటి టెలివిజన్‌లో తెరపై చిత్రం మారే వేగాన్ని విద్యుత్తు పౌనఃపున్యానికి జతపరిచారు. లేకపోతే చిత్రంలో పట్టీలు పాకేవి. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవర్తనాలు. ఐరోపాలోను, మన దేశంలోను 50. అందువల్ల 1941లో అమెరికా స్వీకరించిన ఎన్.టి.ఎస్.సి. ప్రమాణంలో 525 గీతలు, సెకనుకు 30 ఫ్రేములు. ఐరోపాలో స్థిరపడిన ప్రమాణంలో 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేమునూ బేసి గీతలు, సరి గీతలు అని రెండు ఫీల్డులుగా పంపుతారు. కాబట్టి ఫీల్డులు సెకనుకు 60, 50.

1953లో రంగులు చేర్చినప్పుడు, ధ్వని సంకేతంతో ఘర్షణ రాకుండా అమెరికన్ ఇంజనీర్లు 30 ఫ్రేములను 29.97కు తగ్గించారు. ఆ పద్ధతిలో ప్రసారమార్గంలో రంగు తప్పే అవకాశం ఎక్కువ. జర్మనీలోని టెలిఫుంకెన్ సంస్థలో పనిచేసిన వాల్టర్ బ్రూఖ్ దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక గీతలో రంగుసంకేతపు దశను తరువాతి గీతలో తలకిందులు చేస్తే, రెండింటిలోని దోషాలు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. అదే పాల్ పద్ధతి. 1967లో పశ్చిమ జర్మనీ, బ్రిటన్‌లలో ప్రసారానికి వచ్చింది. అదే సంవత్సరం ఫ్రాన్సు సెకామ్ అనే తనదైన పద్ధతిని ప్రారంభించింది. 1959లో ఢిల్లీలో మొదలైన మన టెలివిజన్ 625 గీతల మార్గంలోనే నడిచింది. 1982లో ఆసియా క్రీడల సంవత్సరంలో రంగులు వచ్చినప్పుడు మనం పాల్‌ను స్వీకరించాం.

ఇక్కడ పారిభాషికంగా ఒక జాగ్రత్త అవసరం. పాల్, ఎన్.టి.ఎస్.సి. అన్నవి అసలు రంగుల ప్రసారపద్ధతుల పేర్లు. డి.వి.డి.లో రంగులు అంకరూపంలో ఉంటాయి. ఆ ప్రసారపద్ధతి ఏదీ డిస్కులో ఉండదు. ‘పాల్ డిస్కు’ అంటే సెకనుకు 25 ఫ్రేములు, ఫ్రేముకు 720×576 బిందువులు ఉన్నది అనీ, ‘ఎన్.టి.ఎస్.సి. డిస్కు’ అంటే 29.97 ఫ్రేములు, 720×480 బిందువులు ఉన్నది అనీ అర్థం చేసుకోవాలి. అట్టపై ముద్రించే ఈ పేర్లు వాడుకసౌలభ్యం కోసం నిలిచినవి.

పరిశోధకునికి అసలు చిక్కు వేరే ఉన్నది. సినిమా ఫిల్మును సెకనుకు 24 ఫ్రేముల వేగంతో తీస్తారు. దానిని ఈ రెండు ప్రమాణాలలోకి ఎక్కించే పద్ధతులు వేరు. ఎన్.టి.ఎస్.సి.లో ఒక ఫిల్మ్ ఫ్రేమును రెండు ఫీల్డులుగా, తరువాతి దానిని మూడు ఫీల్డులుగా చూపుతూ పోతారు. అప్పుడు 24 ఫ్రేములకు 60 ఫీల్డులు సరిపోతాయి. కదలికలో స్వల్పమైన కుదుపు కనిపించినా చిత్రం నిడివి దాదాపు మారదు. 24కు 25 దగ్గరి సంఖ్య కాబట్టి పాల్‌లో అంత శ్రమపడరు. చిత్రాన్నే కొంచెం వేగంగా, 25 ఫ్రేములతో నడిపిస్తారు. ఈ వేగం సుమారు 4 శాతం ఎక్కువ. థియేటరులో 150 నిమిషాలు నడిచిన చిత్రం పాల్ డిస్కులో 144 నిమిషాలలో ముగుస్తుంది. ఒక్క దృశ్యమూ పోలేదు, ఒక్క మాటా పోలేదు. అయినా ఆరు నిమిషాలు లేవు.

వేగం పెరిగితే ధ్వని కూడా మారుతుంది. ప్రత్యేకంగా సరిదిద్దకపోతే శ్రుతి సుమారు 0.7 అర్ధస్వరం పెరుగుతుంది, అంటే పక్క స్వరస్థానానికి మూడింట రెండు వంతుల దూరం పైకి జరుగుతుంది. సినిమా పాటలలో రాగచ్ఛాయలను, గాయకుల స్థాయిని చర్చించేవారు ఈ విషయం గమనించాలి. రాగం మారదు, ఆధారశ్రుతి మారుతుంది. ఫలానా గాయకుడు ఫలానా చిత్రంలో అరశ్రుతి ఎక్కువగా పాడాడని తీర్మానించే ముందు, అలా పాడినది గాయకుడా డిస్కా అని చూసుకోవడం మంచిది.

4. భారతీయ డిస్కుల విచిత్రస్థితి:

మన దేశం 5వ ప్రాంతం, మన టెలివిజన్ పాల్. అయినా భారతీయ చలనచిత్రాల డి.వి.డి.లలో చాలావాటి అట్టలపై ‘ఎన్.టి.ఎస్.సి.’, ‘ఆల్ రీజియన్స్’ అనే ముద్రలు కనిపిస్తాయి. దీని హేతువును ఊహించడం కష్టం కాదు. భారతీయ చిత్రాల డిస్కులకు అమెరికా, గల్ఫ్, బ్రిటన్, ఆస్ట్రేలియాలలోని ప్రవాసులు పెద్ద విపణి. ఇంట్లో పాత చిత్రాలు వినిపించాలని కోరుకొన్న ప్రవాసాంధ్రుల తరం అందులో భాగం. పాల్ దేశాలలో అమ్మిన ప్లేయర్లు, టెలివిజన్లు సాధారణంగా ఎన్.టి.ఎస్.సి.ని కూడా చూపగలవు. అమెరికన్ టెలివిజన్లలో అత్యధికం పాల్‌ను చూపలేవు. కాబట్టి ఒకే ముద్రణతో అందరికీ చేరాలంటే ఎన్.టి.ఎస్.సి.యే అనువైనది. ఆ సౌకర్యానికి మూల్యం మన తెరపై కనబడుతుంది. 576 గీతలు చూపగల టెలివిజన్‌లో హైదరాబాదు ప్రేక్షకుడు 480 గీతల బొమ్మను చూశాడు.

వి.సి.డి.కి ప్రాంతసంకేతం అసలే లేదు. నాణ్యత తక్కువైనా మన పల్లెల వరకు చేరినది అదే. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ సంస్థ ముప్పై రూపాయల లోపు ధరకు వి.సి.డి.లు అమ్మడం మొదలుపెట్టాక, ఎన్నో పాత చిత్రాలు తొలిసారిగా సామాన్య పాఠకుని... ప్రేక్షకుని అనాలి, సొంత ప్రతులయ్యాయి. మన శాఖలలో సినిమాపై జరిగిన పరిశోధనలో చాలా భాగానికి ఆధారం ఇటువంటి డిస్కులే.

అట్టమీది ముద్రను బట్టి వేగాన్ని నిర్ణయించలేం. ఫిల్మును ముందు పాల్ టేపులోకి 25 ఫ్రేములతో ఎక్కించి, ఆ టేపును తరువాత ఎన్.టి.ఎస్.సి. డిస్కుగా మార్చితే, ప్రమాణం మారుతుంది గాని వేగం పెరిగిన నిడివి అలాగే ఉంటుంది. పైపెచ్చు రెండు ఫ్రేములు కలిసిపోయిన మసక బొమ్మలు కదలికలలో కనిపిస్తాయి. లేఖకుడు లిపి మార్చి రాసినా మాతృకలోని దోషం వెంట వచ్చినట్లే ఇది.

5. కాలసూచికల పోలిక:

ఆ మూడు నెలల గడువులో నేను రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి, గుర్తుపట్టడానికి వీలైన చోట్ల – తలుపు మూసుకోవడం, పాట పల్లవి ఎత్తుగడ, దృశ్యం మారే క్షణం – కాలాలను రాసుకొన్నాను. వి.సి.డి.లో రెండవ డిస్కు మళ్ళీ సున్నా నుండి మొదలవుతుంది కాబట్టి మొదటి డిస్కు నిడివిని దానికి కలపాలి. పట్టిక తయారయ్యాక, తేడాలు మూడు రకాలుగా ఉండగలవని తెలిసింది.

తేడా మొదటి నుండి చివరి వరకు ఒకేలా ఉంటే, అది డిస్కు ప్రచురణకర్త ముందు చేర్చిన ప్రకటనలు, చిహ్నాల నిడివి. అది పీఠిక వంటిది, తీసివేస్తే సరిపోతుంది. తేడా క్రమంగా, ప్రతి పది నిమిషాలకు 24 సెకన్ల చొప్పున పెరుగుతూ పోతే, అది 24, 25 ఫ్రేముల తేడా. అందులో పాఠం ఏమీ లోపించలేదు. తేడా ఒకచోట హఠాత్తుగా దూకి, అక్కడి నుండి మళ్ళీ పాత క్రమంలోనే సాగితే, అక్కడ ఒక భాగం పోయింది లేదా చేరింది. దానిని మన పరిభాషలో గ్రంథపాతమనో ప్రక్షిప్తమనో అనవచ్చు. 35 ఎం.ఎం. ఫిల్ములో వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. ప్రదర్శనలలో రీలు మొదలు, చివరలు ఎక్కువగా అరిగి తెగిపోతాయి. చిన్నచిన్న లోపాలు ఆ కొలతల దగ్గర కనిపిస్తే అవి ముద్రణప్రతి శిథిలతకు గుర్తులు.

నా పట్టికలో మొదటి సగమంతా రెండవ రకం తేడాయే. నా ప్రతిలో 1 గంట 12 నిమిషాల 30 సెకన్ల దగ్గర ఉన్న సంభాషణ పర్యవేక్షకుల ప్రతిలో 1 గంట 9 నిమిషాల 36 సెకన్ల దగ్గర వచ్చింది. నా సంఖ్యను 24తో హెచ్చించి 25తో భాగిస్తే సరిగ్గా అదే వస్తుంది. విశ్రాంతి తరువాత లెక్క తప్పింది. నా ప్రతిలో 1 గంట 50 నిమిషాల దగ్గరకు వచ్చేసరికి తేడా 4 నిమిషాల 24 సెకన్లు ఉండవలసింది. 8 నిమిషాల 24 సెకన్లు వచ్చింది. అదనంగా పోయిన నాలుగు నిమిషాలు, వేగం లెక్క వేసి చూస్తే, నా ప్రతిలో 4 నిమిషాల 10 సెకన్లు సాగే ఆ జానపదగీతమే. నా ప్రతి మొత్తం నిడివి 2 గంటల 42 నిమిషాలు. సుమారు 80 నిమిషాలకు మించి పట్టని వి.సి.డి.లలో దానిని ఇమడ్చాలంటే, వేగం పెరిగినా రెండు డిస్కులు అంచు వరకు నిండిపోతాయి. పాటకు కత్తెర పడింది అక్కడే కావచ్చు. కథను కదిలించని పాట కాబట్టి పోయినట్లు కూడా ఎవరికీ తెలియలేదు. నా అధ్యాయం మొత్తం ఆ పాట మీదనే ఆధారపడి ఉన్నది.

6. చట్టం, నమోదు:

ప్రాంతసంకేతాన్ని దాటి చూడడం నేరమా అన్న ప్రశ్న సదస్సులలో తరచుగా వినబడుతుంది. దేశాన్ని బట్టి సమాధానం మారుతుంది. అమెరికా 1998లో చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం సాంకేతిక రక్షణలను ఛేదించడాన్నే నిషేధించింది. ఆస్ట్రేలియా మరొక దారి పట్టింది. అక్కడి ఉన్నత న్యాయస్థానం 2005లో సోనీ ప్లేస్టేషన్ వ్యాజ్యంలో సంస్థ వాదనను అంగీకరించలేదు. 2006 సవరణ చలనచిత్రాల ప్రాంతవిభజనను రక్షణచర్యల నిర్వచనం నుండి మినహాయించింది. మన దేశంలో 2012 సవరణ ద్వారా కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో రక్షణను ఛేదిస్తేనే అది శిక్షార్హమంటుంది. 52వ సెక్షన్ వ్యక్తిగత వినియోగానికి, పరిశోధనకు, విమర్శకు న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. చట్టప్రకారం కొన్న విదేశీ డిస్కును అధ్యయనం కోసం చూసే అధ్యాపకుడు ఈ రెండు సెక్షన్లనూ కలిపి చదువుకోవాలి. గ్రంథాలయం తరఫున ప్రతులు తీయాలనుకొంటే మాత్రం న్యాయసలహా తప్పదు.

ఆధారాల సూచికలో చిత్రం పేరు, దర్శకుడు, విడుదల సంవత్సరం రాసి ఊరుకోవడం మన అలవాటు. దానికి డిస్కు రకం, ప్రచురణకర్త, అట్టపై ఉన్న ప్రాంతం, ప్రమాణం, కొలిచిన మొత్తం నిడివి చేర్చాలి. అట్టపై ముద్రించిన నిడివి పనికిరాదు. అది చాలాసార్లు వేరే ప్రతిది. సెన్సారు ధ్రువపత్రం దొరికితే అందులో రీళ్ళ సంఖ్య, ఫిల్ము పొడవు ఉంటాయి. 35 ఎం.ఎం.లో నిమిషానికి 90 అడుగులు. ఆ పొడవును అడుగులలో లెక్కించి 90తో భాగిస్తే థియేటరు నిడివి తెలుస్తుంది. డిస్కు నిడివి దానిలో 96 శాతం ఉంటే వేగం పెరిగినదని, అంతకంటే తక్కువైతే కత్తిరింపు ఉన్నదని మొదటి చూపులోనే అనుమానించవచ్చు. యూట్యూబులో పాత చిత్రాలు చూసేవారికీ ఈ లెక్క అవసరమే. పాత డిస్కుల నుండి, టేపుల నుండి ఎక్కించిన చిత్రాలు ఆ డిస్కుల వేగాన్ని, లోపాలను అక్కడికి వెంట తీసుకొని పోతాయి. అట్ట మాత్రం ఉండదు.

సవరించిన సిద్ధాంతగ్రంథంలో ప్రతి ఉదాహరణకూ రెండు ప్రతుల కాలసూచికలనూ పక్కపక్కన ఇచ్చాను. పాట దగ్గర రెండవ గడిలో ‘లుప్తం’ అని రాశాను.